సీసం ఒంట్లో చేరితే ఉసిరికాయ ఎంతవరకు ఆదుకుంటుంది?

మా బాబాయికి గుడివాడ దగ్గర బ్యాటరీ షాపు ఉంది. పాత బ్యాటరీలు విప్పడం, ప్లేట్లు మార్చడం, పనికిరాని సీసాన్ని (లెడ్) కరిగించి దిమ్మలుగా పోయడం, ముప్ఫై ఏళ్లుగా ఇదే పని. నిరుడు కడుపునొప్పి పట్టుకుంది. మలబద్ధకం, నీరసం, ప్రతి దానికీ చిరాకు. గ్యాస్ అనుకుని ఆరు నెలలు మాత్రలు మింగాడు. చివరికి ఒక డాక్టరు గారు "మీరేం పని చేస్తారు?" అని అడిగి, రక్తంలో సీసం పరీక్ష రాశారు. డెసిలీటరుకి 38 మైక్రోగ్రాములు వచ్చింది.

ఆ మాట వినగానే పిన్ని రంగంలోకి దిగింది. పొద్దున్నే పరగడుపున ఉసిరి రసం, రాత్రి వెల్లుల్లి వేసి కాచిన పాలు, మధ్యలో కొత్తిమీర జ్యూసు. నేను చూడ్డానికి వెళ్లేసరికి బాబాయి షాపు నుంచి అప్పుడే వచ్చి, అదే ప్యాంటుతో వరండాలో కూర్చుని ఉన్నాడు. మోకాళ్ల మీద బూడిద రంగు పొడి. ఆ మోకాలి మీదే రెండేళ్ల మనవరాలు కూర్చుని, ప్యాంటు మీద చేతులు రాసి వేళ్లు నోట్లో పెట్టుకుంటోంది.

"పిన్నీ, ఉసిరి రసం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ప్యాంటు మార్పించు" అన్నాను.

ఈ విషయంలో ఏది ముందు, ఏది వెనక అన్నదే అసలు సంగతి. మొక్కల్లోని యాంటీఆక్సిడెంట్లు (కణాలకి జరిగే నష్టాన్ని ఆపే పదార్థాలు) ఉత్తి మాట కాదు, పనికొస్తాయి. కానీ వాటి వంతు మూడోదో నాలుగోదో. దాన్ని తీసుకొచ్చి మొదట పెడితే గట్టు తెగిన చేలో ఎరువు చల్లినట్టే. కింద చెప్పేది ఎక్కువగా సీసం గురించే. మన ఇళ్లలో ఎక్కువగా దొర్లేది అదే కాబట్టి. ఆర్సెనిక్ అనే ఇంకో విషపదార్థం సంగతి అన్నం దగ్గర వస్తుంది.

మొదటి పని: ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోండి

బ్యాటరీ షాపు, సోల్డరింగ్, పెయింటింగ్, పాత ఇనుము కొట్టు, ఇలాంటి పని చేసేవాళ్లు ఇంట్లో ఉంటే మొదటి అనుమానం అక్కడే. పని బట్టలు గుమ్మం బయటే విప్పాలి. చేతులూ మొహం సబ్బుతో కడుక్కుని, వీలైతే స్నానం చేసే లోపలికి రావాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి, పిల్లల బట్టలతో కలిపి మెషీన్లో వెయ్యకూడదు. షాపులో టీ తాగేముందు చేతులు కడుక్కోవాలి. బీడీ, గుట్కా అలవాటున్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం. వేలి మీది పొడి నేరుగా నోట్లోకే పోతుంది.

అలాంటి పని ఎవరూ చెయ్యకపోతే ఇంట్లో వెతకండి. పాత ఇంటి గోడల మీద, కిటికీ చువ్వల మీద పెచ్చులూడే రంగు. ఇంటి పెయింట్లలో సీసం పది లక్షల్లో 90 వంతులు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలైంది. అంతకుముందు వేసిన రంగును గరుకు కాగితంతో పొడిగా రుద్దకండి, తడిపి గీకండి. పొడి చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవండి. నుదుట పెట్టుకునే ఎర్ర సింధూరంలో కొన్ని రకాలు అచ్చంగా సీసపు ఆక్సైడే. కంటికి పెట్టే సుర్మాలో సీసపు సల్ఫైడ్ ఉండొచ్చు. బోసి నోటి పిల్లలకి ఈ రెండూ వద్దు.

తర్వాత వంటింట్లోకి రండి. స్క్రాపు కరిగించి పోసిన చవక సిల్వర్ గిన్నెలు (అల్యూమినియాన్ని మన ఊళ్లలో అలాగే అంటాం) సీసాన్ని వదులుతాయని కామెరూన్‌లోనూ, అమెరికాలోని సియాటిల్‌లోనూ పరీక్షించి చూశారు. సియాటిల్‌లో బయటపడ్డవి అఫ్గాన్ శరణార్థులు వెంట తెచ్చుకున్న కుక్కర్లు. పులుపు తగిలితే లోహం ఇంకా ఎక్కువగా కరుగుతుంది. చింతపండు పులుసు, టమాటా పప్పు, చారు ఇలాంటి గిన్నెల్లో మరిగించకండి, స్టీలు గిన్నె వాడండి. ఇత్తడి గిన్నెకి కళాయి వేయిస్తే ఆ తగరంలో సీసం కలిపారో లేదో చూసి చెప్పలేం కాబట్టి దానికీ ఇదే మాట.

పసుపు సంగతి విడిగా చెప్పుకోవాలి

యాంటీఆక్సిడెంట్ అనగానే అందరికీ గుర్తొచ్చేది పసుపే. చిత్రం ఏమిటంటే సీసం ఇంట్లోకి వచ్చే దారుల్లో అదీ ఒకటి. కొమ్ములు మెరుపు తేలాలని లెడ్ క్రోమేట్ అనే పచ్చటి రంగు కలుపుతారు. బంగ్లాదేశ్‌లో ఇది పెద్ద సమస్య అయింది. 2019లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఈ సంగతి బయటపెట్టాక ప్రభుత్వం దాడులు చేసింది, జరిమానాలు వేసింది, పత్రికల్లో ప్రచారం చేసింది. అక్కడి బజారులో సీసం ఉన్న పసుపు నమూనాలు 47 శాతం నుంచి 2021 నాటికి సున్నాకి పడిపోయాయి. ఏ ఉసిరికాయా చెయ్యలేని పని అది.

మనం చెయ్యగలిగింది ఇది. విడి పొడి కొనకండి. కొమ్ములు కొని ఆడించుకోండి. కొమ్ముల్లో కూడా నిగనిగలాడేవి వద్దు, పాలిష్ పట్టని మట్టి రంగు కొమ్ములు అడగండి. నిజామాబాద్, దుగ్గిరాల వైపు తెలిసిన రైతు ఉంటే అంతకన్నా మంచిది లేదు. గ్లాసు నీళ్లలో అర చెంచా పసుపు వేసి కదపకుండా వదిలితే మంచి పసుపు అడుక్కి చేరి, పైన నీళ్లు లేత పచ్చగా ఉంటాయి. నీళ్లు చిక్కటి పసుపుగా మారితే రంగు కలిసిందని అనుమానించాలి. ఈ పరీక్షలో గట్టెక్కిందని సీసం లేదని కాదు, అది ల్యాబే చెప్పాలి. పసుపులో సీసం కిలోకి 10 మిల్లీగ్రాములు దాటకూడదని, లెడ్ క్రోమేట్ అసలే ఉండకూడదని మన ఆహార భద్రతా సంస్థ నియమం.

రెండో పని: రక్త పరీక్ష

ల్యాబులో "బ్లడ్ లెడ్ లెవెల్" అని అడగండి. చేతి నరం నుంచి తీసిన రక్తంతో చేసేదే నమ్మదగింది. వెంట్రుకల పరీక్ష, అరికాలికి అంటించే డిటాక్స్ పట్టీలు డబ్బు దండగ. సీసానికి ఇంతవరకు ఫరవాలేదు అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లల్లో 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోవాలని అమెరికా 2021లో లెక్క మార్చింది. అంతకుముందు అది 5.

లక్షణాలు చూసి మీకు మీరే తేల్చుకోకండి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు, కొందరి రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. ఆ తర్వాత అనుమానం పురుగుమందుల మీదికీ మళ్లింది. పెద్ద పెద్ద సంస్థలకే అంత సులువుగా తెగలేదు. అలాంటిది మన ఇంట్లో నాలుక చూసి, గోళ్లు చూసి ఏం తేలుస్తాం?

పిల్లల్లో 45 మైక్రోగ్రాములు దాటితే ఆస్పత్రిలో కిలేషన్ మందులు ఇస్తారు. సక్సిమర్, కాల్షియం ఈడీటీఏ లాంటివి లోహాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి పంపుతాయి. పిల్లలకి ఫిట్స్ వచ్చినా, ఆగకుండా వాంతులైనా, మగతగా పడుకున్నా అప్పుడు తోటకూర గురించి ఆలోచించే టైము కాదు, ఆస్పత్రికి పరుగెత్తాలి. కిలేషన్ మందులు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఇంట్లో వాడకండి. సీసం వస్తూనే ఉన్నప్పుడు అవి వేసుకుంటే మేలు కన్నా కీడే ఎక్కువ జరగొచ్చు.

ఒంట్లో సీసం చేసే పని, మొక్క చేసే పని

ఇది తెలిస్తే ఏం తినాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. సీసానికి గంధకం అంటే మోజు. మన కణాల్లో గ్లూటాథయోన్ అనే కాపలా పదార్థం ఉంటుంది. దాంట్లో ఉన్న గంధకాన్ని సీసం పోయి పట్టుకుంటుంది. కాపలా తగ్గేసరికి ఫ్రీ రాడికల్స్ పెరిగి కణాలను కొరుకుతాయి. మరోవైపు హిమోగ్లోబిన్ తయారీలో ఒక ఎంజైమును సీసం ఆపేస్తుంది. అక్కడ సగంలో ఆగిన సరుకు పేరుకుని మళ్లీ ఫ్రీ రాడికల్స్‌నే పుట్టిస్తుంది. ఉసిరి, జామ, మునగాకు, వెల్లుల్లి ఇక్కడ పనికొస్తాయి. సీసాన్ని లాగి పారెయ్యడం వాటి పని కాదు. అది చేసే నష్టాన్ని కొంత ఆపుతాయి, కాపలాని మళ్లీ నిలబెడతాయి.

ఇంకో సంగతి. మొక్కలు ఈ పదార్థాలను మన కోసం చేసుకోలేదు. ఆవ మొక్క గ్లూటాథయోన్‌ని గొలుసుల్లా కలిపి ఫైటోకెలటిన్లు తయారుచేసుకుని, నేలలోంచి వచ్చిన కాడ్మియం అనే విషలోహాన్ని వాటితో కట్టేసి ఆకుల్లో దాచుకుంటుంది. లోహాలు నిండిన నేలను బాగుచేయడానికి ఆవ మొక్కల్ని పెంచి చూసింది అందుకే. అంటే మొక్క తనను తాను కాపాడుకున్నా, ఆ లోహం ఆకులోనే ఉంటుంది. మూసీ మురుగు నీళ్లు పారించి పెంచిన పాలకూర, ఫ్యాక్టరీ కాలవ పక్కన మొలిచిన తోటకూర ఎంత పచ్చగా ఉన్నా "యాంటీఆక్సిడెంట్లు" అని ఇంటికి తెచ్చుకోకండి. ఆకుకూర ఎక్కడ పెరిగిందో అమ్మే ఆమెను అడగండి. మట్టి పోయేదాకా మూడు నాలుగు నీళ్లలో కడగండి.

మూడో పని: కడుపు ఖాళీగా ఉంచకండి

పెద్దవాళ్లు కడుపు నిండా తిన్నాక సీసం మింగితే ఒంటికి పట్టేది కొద్దిగానే. ఖాళీ కడుపున అయితే సగం దాకా ఇంకుతుంది. పిల్లలకి తిన్నా తినకపోయినా ఎక్కువే పడుతుంది. అందుకే పరగడుపున ఉసిరి రసం ఒక్కటే తాగి షాపుకి పోవడం తప్పు. ముందు ఇడ్లీ తినండి, ఉసిరి పచ్చడి దాంట్లో నంజుకోండి.

ఇనుము తక్కువున్న ఒంట్లో సీసం ఇంకా ఎక్కువ దూరుతుంది, ఇనుము లోపలికి వెళ్లే తలుపులోంచే ఇదీ వెళుతుంది కాబట్టి. మన రెండు రాష్ట్రాల్లో సగానికి పైగా ఆడవాళ్లకి రక్తహీనత ఉంది. తోటకూర పప్పు, గోంగూర, నువ్వులు, బెల్లం, తినేవాళ్లయితే కాలేయం. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోండి. అన్నం తిన్న వెంటనే టీ తాగకండి, గంట ఆగండి. కాల్షియం కూడా అంతే. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. రాగి జావ, పెరుగు రోజూ ఉండాలి. గర్భిణులకు ఇది మరీ అవసరం. పెద్దవాళ్ల ఒంట్లో ఉన్న సీసంలో 90 శాతం పైన ఎముకల్లోనే దాగి ఉంటుంది. కాల్షియం చాలకపోతే ఎముక కరిగి, దాంతో పాటు పాత సీసం కూడా రక్తంలోకి దిగి బిడ్డకి చేరుతుంది.

నాలుగో పని: ఇప్పుడు ఉసిరీ వెల్లుల్లీ

విటమిన్ సి మీద బాగా పేరొచ్చిన ప్రయోగం 1999లో జరిగింది. సిగరెట్లు తాగే 75 మంది మగవాళ్లలో, రోజుకి 1000 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లకి వారంలో రక్తంలోని సీసం 81 శాతం తగ్గింది. అంకె చూసి నేనూ మొదట గంతేశాను. కానీ వాళ్లు బ్యాటరీ పనివాళ్లు కాదు, సీసం కొద్దిగా ఉన్న మామూలు మనుషులు. అంత గొప్ప తగ్గుదల తర్వాతి ప్రయోగాల్లో రాలేదు. కాబట్టి మాత్రలు గుప్పెళ్లతో మింగకండి. విటమిన్ సి అతిగా వేసుకుంటే కిడ్నీలో రాళ్లు రావొచ్చు, సీసం ఎటూ కిడ్నీనే దెబ్బతీస్తుంది. వంద గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. రోజుకో జామకాయ, లేదా రెండు ఉసిరికాయలు చాలు. ఉసిరిని ఉడకబెట్టి చక్కెర పాకంలో ముంచితే మిగిలేది ఎక్కువగా చక్కెరే. పచ్చిగా తురిమి పెరుగులో కలపండి, లేదా దంచి ఉప్పు కారం వేసి అన్నంలోకి తినండి.

వెల్లుల్లికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఉంది, అదీ బ్యాటరీ పనివాళ్ల మీదే. 2012లో ఇరాన్ పరిశోధకులు కారు బ్యాటరీ ఫ్యాక్టరీలో పనిచేసే 117 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి వెల్లుల్లి మాత్రలు, ఇంకో జట్టుకి పెనిసిల్లమిన్ అనే మందు నాలుగు వారాలు ఇచ్చారు. ఇద్దరికీ సీసం దాదాపు ఒకేలా తగ్గింది. తలనొప్పి, చిరాకు లాంటివి వెల్లుల్లి జట్టులోనే ఎక్కువగా తగ్గాయి. వెల్లుల్లిలో ఉన్నది గంధకమే కదా.

వాడే పద్ధతి ముఖ్యం. రెబ్బను కత్తితో చితక్కొట్టండి, లేదా రోట్లో నూరండి. వెంటనే వేడి నూనెలో వెయ్యకండి. పది నిమిషాలు అలా వదిలేయండి. చితికినప్పుడే అల్లిసిన్ అనే ఘాటైన గంధక పదార్థం తయారవుతుంది, దాన్ని చేసే ఎంజైము వేడి తగిలితే చచ్చిపోతుంది. ఘాటు ముక్కుకి తగిలిందంటే పని మొదలైనట్టు. ఆ ముద్దను కారంలో కలిపి, వేడన్నంలో నెయ్యి వేసుకుని తింటే సరిపోతుంది. రోజుకి రెండు మూడు రెబ్బలు. పిన్ని పాలల్లో వేసి అరగంట మరిగించేది, రుచి బాగానే ఉంటుంది కానీ ఘాటంతా పొయ్యి పాలవుతుంది. రక్తం పలచబడటానికి మందులు వాడేవాళ్లు, ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లు ముందు డాక్టరుకి చెప్పాలి.

కొత్తిమీర జ్యూసు గురించి వాట్సాప్‌లో వచ్చేదంతా నమ్మకండి. సీసం బారిన పడ్డ చిన్నపిల్లల మీద చేసిన ఒక ప్రయోగంలో, కొత్తిమీర సారం ఇచ్చినవాళ్లకీ, ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లకీ మూత్రంలో పోయిన సీసం ఒకేలా ఉంది. పప్పు మీద చల్లుకోండి, మందు అనుకోకండి.

బియ్యం, ఆర్సెనిక్

వరి ఆర్సెనిక్‌ని నేల నుంచి బాగా పీలుస్తుంది. దీనికి మన అమ్మమ్మల పద్ధతే విరుగుడు: ఒక గ్లాసు బియ్యానికి ఆరు నుంచి పది గ్లాసుల నీళ్లు పోసి, ఉడికాక గంజి వార్చడం. ఇలా చేస్తే విషపూరితమైన ఆర్సెనిక్ 40 నుంచి 60 శాతం దాకా పోతుందని అమెరికా ఆహార, ఔషధ సంస్థ లెక్క. కుక్కర్లో నీళ్లన్నీ అన్నంలోనే ఇంకిపోతాయి కాబట్టి అక్కడ ఈ లాభం లేదు. గంజితో కొన్ని విటమిన్లు కూడా పోతాయి, ఆ లోటు పప్పూ ఆకుకూరా తీరుస్తాయి. ఒక షరతు, నీళ్లలో ఆర్సెనిక్ ఉండకూడదు. బోరు నీళ్లు మరిగిస్తే లోహం పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మంచి ఆర్వో ఫిల్టరు తీస్తుంది.

ఒంట్లో చేరిన ఆర్సెనిక్‌ని బయటికి పంపే పనికి ఫోలేట్ అనే బి విటమిన్ కావాలి. బంగ్లాదేశ్‌లో దాని మాత్ర రూపమైన ఫోలిక్ యాసిడ్ 12 వారాలు ఇస్తే రక్తంలో ఆర్సెనిక్ దాదాపు 14 శాతం తగ్గింది. పాలకూర, పెసలు, శనగల్లో ఫోలేట్ బాగా ఉంటుంది. పాలకూర అన్నాను కదా అని మురుగు కాలవ దగ్గరికి వెళ్లకండి మళ్లీ.

పొడుల దగ్గర జాగ్రత్త

బాబాయికి చుట్టాల్లో ఒకాయన "రక్తశుద్ధి పొడి" అని పొట్లం తెచ్చి ఇచ్చాడు. మీద పేరూ లేదు, ఏం కలిపారో రాసీ లేదు. మూలికలే కదా అని పిన్ని రెండు రోజులు తేనెలో కలిపి పెట్టింది. నేను చూసి చెత్తబుట్టలో వేస్తే ఆమెకి కోపం వచ్చింది. 2004లో బోస్టన్ చుట్టుపక్కల కొట్లలో అమ్మే 70 రకాల ఆయుర్వేద మందులు పరీక్షిస్తే 14 రకాల్లో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ ఉన్నాయి. 2008లో ఇంటర్నెట్‌లో అమ్మే 193 రకాలు చూసినా ఐదింట ఒకటి అలాగే ఉంది. ఆయుర్వేదం అంతా విషమని కాదు. భస్మాల్లో లోహం ఉండటం ఆ పద్ధతిలో భాగమే. సీసం దిగడానికి మందు వెతుకుతూ సీసమే మింగకూడదు కదా. అందుకే పేరు లేని పొట్లం ఇంట్లోకి రానివ్వకండి. వైద్యుడు రాసిందైనా లైసెన్సు నంబరు, లోహాల పరీక్ష రిపోర్టు ఉన్నదే వాడండి. యాంటీఆక్సిడెంట్ మాత్రలకీ అంతే. ఫిన్లాండ్‌లో సిగరెట్ తాగేవాళ్లకి బీటా కెరోటిన్ మాత్రలు ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. క్యారెట్ తినడం వేరు, దాంట్లోంచి ఒక్క ముక్క పీకి మాత్ర చెయ్యడం వేరు.

మళ్లీ పరీక్ష

రక్తంలోని సీసం సగం తగ్గడానికి నెల పైగా పడుతుంది. అదీ కొత్తగా రానప్పుడు. ఎన్నో ఏళ్లు పనిచేసినవాళ్లకి ఎముకల్లోంచి ఊరుతూ ఉంటుంది కాబట్టి ఇంకా నెమ్మది. డాక్టరు చెప్పిన గడువుకి, వీలైతే అదే ల్యాబులో చేయించండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే వాళ్లకీ చేయించండి. బాబాయి మనవరాలికి 6 వచ్చింది. బాబాయి ఆ కాగితం చూసి ఏమీ మాట్లాడలేదు, మర్నాడు షాపులోనే స్నానాల గది కట్టించడానికి మేస్త్రీని పిలిచాడు.

నాలుగు నెలలకి ఆయనది 38 నుంచి 23కి దిగింది. కిలేషన్ అక్కర్లేదన్నారు డాక్టరు గారు. ఉసిరి వల్లే తగ్గిందని పిన్ని ఊరంతా చెబుతోంది. నేను కాదనలేదు. ఉసిరి ఇప్పటికీ ఇస్తోంది, కాకపోతే ఇడ్లీ తిన్నాక.